అనుమతి నాది, నష్టం వాళ్లది

"దాచుకోవడానికి నా దగ్గరేముంది?" ఈ మాట చాలాకాలం నా నోట తేలిగ్గా వచ్చేది. ఫోన్‌లో ఏ యాప్ ఏది అడిగినా సరేనని నొక్కేవాణ్ణి. ఎవరైనా జాగ్రత్త చెబితే వాదనకు దిగేవాణ్ణి. ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పుకునే మనిషిని, కోట్లు లేవు, గుట్లు లేవు, నా వివరాలు పట్టుకుని ఎవడేం చేసుకుంటాడు అనేవాణ్ణి. అలా అనగలగడం నిజాయితీకి గుర్తని నమ్మాను. ఇప్పుడు దాన్ని మూర్ఖత్వం అంటున్నాను. నా ఫోన్‌లో ఉన్నవి నా వివరాలు మాత్రమే కావన్న చిన్న సంగతి నాకు తట్టలేదు. అది తట్టడానికి నన్ను నమ్మిన కొందరు నావల్ల అవమానపడాల్సి వచ్చింది.

పల్నాడులో మా ఊరు. మా బంధువుల్లో ఫోన్ పనులన్నీ నా దగ్గరికే వచ్చేవి. పిన్నికి గ్యాస్ బుక్ చేయాలన్నా, పెద్దమ్మ బ్యాంకు ఖాతాకు ఆధార్ జతచేయాలన్నా, మావయ్యవాళ్లకు తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు తీయాలన్నా "అబ్బాయికి పంపండి, వాడు చూసుకుంటాడు" అనేవారు. ఆధార్ కార్డుకు రెండువైపులా ఫోటో తీయించి వాట్సాప్‌లో పంపేవారు. పాన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ, పొలం పాసుపుస్తకం, రిజిస్ట్రేషన్ దస్తావేజు, అన్నీ అలాగే వచ్చేవి. సొంత ఫోన్ లేనివాళ్ల ఖాతాలకు నా నంబరే ఇచ్చాను. వాళ్ల ఓటీపీలు నాకే వచ్చేవి.

పని అయ్యాక ఆ ఫోటోలు తీసేయాలని ఎన్నడూ అనుకోలేదు. మళ్లీ అవసరమైతే అడగక్కర్లేదని అట్టే ఉంచాను. టికెట్లు తీసిపెట్టే ఏజెంటు అడిగితే అతనికి పంపాను. చుట్టాల గ్రూపులో ఎవరో "పెద్దమ్మ ఆధార్ ఉందా?" అంటే, గ్రూపులోనే పెట్టేశాను. పెద్దమ్మను అడగాలన్న ఊహే లేదు. నేను చేసేది సేవ అనుకున్నాను కాబట్టి, అడగాల్సిన పనేమిటనిపించేది. వాళ్లు ఆ కాగితాన్ని నాకు ఇచ్చింది ఒక పని కోసం. ఆ పని అయిపోయిన తరవాత దాని మీద నాకు ఏ హక్కూ లేదు.

2020 మార్చిలో బళ్లు మూతపడ్డాయి. పాఠాలు వాట్సాప్‌లోకి వచ్చాయి. నా తరగతుల్లోని పిల్లలందరి తల్లిదో తండ్రిదో నంబరు నా ఫోన్‌లో చేరింది. గుర్తుపట్టడానికి వీలుగా పిల్లవాడి పేరూ తరగతీ రాసి, పక్కన "వాళ్లమ్మ" అనో "వాళ్లనాన్న" అనో చేర్చుకున్నాను.

పాఠాలు సాగాయి గాని జీతాలు సాగలేదు. ఫీజులు రాలేదని యాజమాన్యం కొన్నాళ్లు సగం ఇచ్చి, తరవాత అదీ ఆపింది. ఆ ఏడాది ఎందరో ప్రైవేటు మాస్టర్లు కూలిపనులకు వెళ్లారు, కూరగాయలు అమ్ముకున్నారు. చెల్లెల్ని అడిగితే సర్దేది. బావను అడిగినా కాదనేవాడు కాదు. అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. అప్పుడు ఫోన్‌లో కనిపించింది అప్పులిచ్చే యాప్ ప్రకటన. ఆధార్, పాన్, ఒక సెల్ఫీ చాలు, నిమిషాల్లో డబ్బు అన్నారు. బ్యాంకుకు వెళ్లక్కర్లేదు, హామీదారు అక్కర్లేదు, ఎవరికీ తెలియదు. ఆ చివరి మాటే నన్ను లాగింది. దాచుకోవడానికి ఏమీ లేదని అందరితో వాదించిన నాకు దాచుకోవాల్సింది అప్పటికే ఉంది: నా చేతిలో డబ్బు లేదన్న సంగతి. అంత మాత్రం గోప్యత ప్రతి మనిషికీ కావాలని ఆ క్షణంలోనే నాకు అర్థం కావాల్సింది. కాలేదు.

యాప్ తెరవగానే వరసగా ప్రశ్నలు వచ్చాయి. కాంటాక్టులు చూడటానికి అనుమతిస్తారా, ఫోటోలు చూడటానికి అనుమతిస్తారా, మెసేజీలు చదవడానికి అనుమతిస్తారా, ఎక్కడున్నారో తెలుసుకోవడానికి అనుమతిస్తారా. అన్నిటికీ ఔనన్నాను. అప్పు ఇచ్చేవాడికి నా పెళ్లి ఫోటోలతో ఏం పని, మా ఊళ్లో పాలు పోసే మనిషి నంబరుతో ఏం పని అని ఒక్కసారి ఆగి ఆలోచించి ఉంటే సరిపోయేది. 5,000 అడిగితే ఫీజుల పేరు చెప్పి ముందే కోసుకుని 3,500 ఖాతాలో వేశారు. వారం తిరిగేసరికి 5,000 కట్టాలి. పిల్లలకు వడ్డీ లెక్కలు నేర్పే నేను ఆ లెక్క వేసుకోలేదు. వేసుకుంటే వారానికే నూటికి నలభై దాటుతుందని తేలేది.

గడువు రోజు పొద్దున్నుంచే ఫోన్లు మొదలయ్యాయి. నా దగ్గర డబ్బు లేదు, రెండు రోజులు ఆగమన్నాను. తిట్లు విన్నాను. మర్నాటికి నాకు వచ్చే ఫోన్లు తగ్గాయి. నావాళ్లకు మొదలయ్యాయి.

మనం ఫోన్‌లో పేర్లు ఎలా రాసుకుంటామో ఒకసారి చూడండి. అమ్మ. చెల్లి అత్తగారు. హెచ్‌ఎం సార్. బావ కొత్త నంబరు. పిన్ని ఊరు. మన బంధుత్వాలూ మొహమాటాలూ భయభక్తులూ అన్నీ ఆ జాబితాలో వరసగా ఉంటాయి. ఎవరికి ఫోన్ చేస్తే నేను ఎక్కువ కుంగిపోతానో అవతలివాళ్లు ఊహించాల్సిన అవసరమే లేకపోయింది. నేనే రాసి చేతికిచ్చాను. వాళ్లు ముందుగా చేసింది మా చెల్లెలి అత్తగారికి.

"అన్నయ్యా, మా అత్తగారి నంబరు వాళ్లకెవరిచ్చారు?" అని చెల్లెలు అడిగింది.

"నాకు తెలీదమ్మా" అన్నాను.

అది అబద్ధమని ఆ నిమిషానికి నాకే తెలియదు. యాప్ వాళ్లు ఎక్కణ్ణుంచో సంపాదించారనుకున్నాను. తరవాత సహోద్యోగి ఒకాయన, నాకంటే చిన్నవాడు, నా ఫోన్ తీసుకుని సెట్టింగుల్లో చూపించాడు. కాంటాక్టులు: అనుమతించారు. ఫోటోలు: అనుమతించారు. ఇచ్చింది నేను. చెల్లెలికి నిజం చెప్పాను. "డబ్బు కావాలంటే నన్నడగొచ్చుగా" అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆవిడ అత్తగారింట్లో ఎన్ని మాటలు పడిందో నాకు చెప్పలేదు, నేను అడగలేకపోయాను.

ఆ తరవాత నా సెల్ఫీ మీద "దొంగ" అని పెద్ద అక్షరాలతో రాసి, నా కాంటాక్టుల్లోని కొందరితో వాట్సాప్ గ్రూపు కట్టారు. అందులో పిల్లల తల్లిదండ్రులున్నారు. వాళ్లకు విడివిడిగానూ ఫోన్లు వెళ్లాయి. ఈ అప్పుకు మీరే పూచీ ఉన్నారు, కట్టకపోతే మీ మీద కేసు అని బెదిరించారు.

నా తరగతి పిల్లవాడి తల్లి ఒకావిడ సాయంత్రం కొడుకుని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. పత్తి తీతకు వెళ్లే కూలీ మనిషి. గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "కేసు పెడతామంటున్నారండీ మాస్టారూ. నేనెక్కడా వేలిముద్ర కూడా వెయ్యలేదండీ. ఎంత కట్టాలో చెప్పండి" అంది. చేతిలో కొంత డబ్బు ఉంది. కట్టడానికే తెచ్చింది.

ఆ ఫోన్‌ను ఆవిడ కొన్నది కొడుకు నా పాఠం వినాలని. నంబరు ఇచ్చింది బడి మీద నమ్మకంతో. ఆ నంబరును నేను ఎవరో తెలియనివాళ్లకు, నా అవసరం కోసం, ఆవిడకు చెప్పకుండా ఇచ్చేశాను. మీరు ఒక్క రూపాయీ కట్టక్కర్లేదమ్మా, మీ పూచీ ఏమీ లేదు, తప్పంతా నాదేనని చెప్పి పంపాను. పిల్లవాడు మా మాటలన్నీ వింటూ నిలబడ్డాడు. నేను ఏం చేశానో ఆ సాయంత్రం అర్థమైంది. ఊరెళ్తూ పక్కింటివాళ్లు మన చేతికి తాళంచెవి ఇచ్చి వెళ్తారు. దాన్ని దారినపోయేవాడికిచ్చి, నా ఇంట్లో పోయేదేముంది అనడం ఎలాంటిదో, నేను ఇన్నేళ్లూ చేసిన వాదన అలాంటిది.

డబ్బు కట్టేశాను. ఫోన్లు ఆగలేదు. ఇంకా బాకీ ఉందన్నారు. యాప్ తీసేస్తే పీడ పోతుందనుకుని తీసేశాను. నా ఫోన్‌లోంచి యాప్ పోయింది గాని, అది తీసుకువెళ్లిన పేర్లూ నంబర్లూ ఎక్కడికో చేరిపోయాయి. ఒకసారి సర్వరుకు చేరిన జాబితాను ఫోన్‌లో ఏది నొక్కినా వెనక్కి తేలేం. ఇది తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒకరి చెవిన వేసిన మాటను వెనక్కి తీసుకోలేమని అందరికీ తెలుసు. ఫోన్ దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి నన్ను వదిలేసింది.

నేను పడింది చాలా తక్కువ. ఆ 2020 డిసెంబరులోనే ఇలాంటి యాప్‌ల వేధింపు తట్టుకోలేక తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవాళ్ల వార్తలు వరసగా వచ్చాయి. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఈ వసూళ్లు నడిపే కాల్‌సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. డిసెంబరు 23న రిజర్వు బ్యాంకు ప్రజల్ని హెచ్చరించింది. 2021 జనవరిలో అధ్యయనానికి బృందాన్ని వేసింది. 2022 సెప్టెంబరు 2న మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పులిచ్చే యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, కాల్ జాబితా, ఫైళ్లు, ఫోటోల జోలికి పోకూడదని వాటిలో స్పష్టంగా ఉంది. కెమెరా, మైకు, లొకేషన్ వంటివి ఖాతాదారును గుర్తించడానికి ఒకసారి, అదీ అతని సమ్మతితో మాత్రమే. 2023లో గూగుల్ తన ప్లే స్టోర్‌లోని వ్యక్తిగత రుణాల యాప్‌లు ఫోటోలు, కాంటాక్టులు అడగడాన్ని నిషేధించింది.

ఈ నియమాలు నాకు ఆలస్యంగా వచ్చిన మాట నిజం. అంతమాత్రాన నా తప్పు తగ్గదు. ఆ తెర మీద ప్రశ్న అప్పుడూ స్పష్టంగానే ఉంది. చదవకుండా ఔనన్నది నేను. ఇప్పటికీ ప్లే స్టోర్ బయట, మెసేజీలో వచ్చిన లింకుతో దింపుకునే యాప్‌లు ఈ నియమాలేవీ పట్టించుకోవు. అక్కడ మనిషికి కాపలా ఉన్నది అతని వేలు ఒక్కటే.

ఆ గొడవ కొంత సద్దుమణిగాక మరో భయం పట్టుకుంది. ఫోటోలకు కూడా అనుమతి ఇచ్చాను కదా, అందులో ఏమేం ఉన్నాయి? ఒక రాత్రి కూర్చుని మొదటినుంచీ తిరగేశాను. పెద్దమ్మ ఆధార్, పిన్ని పాన్, మావయ్య కుటుంబంలో పిల్లలతో సహా అందరి ఆధార్‌లు, బాబాయి పొలం దస్తావేజు. దస్తావేజు మీద వేలిముద్రలు ఉన్నాయి.

వేలిముద్ర దగ్గర నా గుండె ఆగినంత పనైంది. ఊళ్లలో బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు తీసుకునే పద్ధతి ఎరిగినవాళ్లకు ఎందుకో తెలుస్తుంది. ఆధార్ ఆధారిత చెల్లింపుల్లో కావలసినవి మూడే: ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. ఓటీపీ రాదు, పిన్ అడగరు. చదువురాని ముసలివాళ్లకు అది ఎంతో ఉపకారం. ఆ మూడూ దొంగ చేతిలో పడితే అంత అపకారం. రిజిస్ట్రేషన్ దస్తావేజుల నకళ్లలోని వేలిముద్రలను సిలికాన్ మీద దించి, వాటితో ఇతరుల ఖాతాల్లోంచి డబ్బు తీసిన ముఠాలను మన తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసులు పట్టుకున్నారు. బాబాయి పొలం కాగితం నా ఫోన్‌లో ఏ అవసరమూ లేకుండా అన్నాళ్లు పడి ఉంది. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు. బాబాయి వేలు మార్చుకోలేడు.

ఆ ఆధార్ కాగితాలతో ఎవరైనా సిమ్ తీశారేమోనన్న అనుమానమూ వచ్చింది. 2021 ఏప్రిల్లో మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకునే సదుపాయాన్ని టెలికాం శాఖ మొదట ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లకే తెచ్చింది. ఇప్పుడది ఆ శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైట్లో దేశమంతటికీ ఉంది. పెద్దమ్మ బటన్ ఫోన్‌కు వచ్చిన ఓటీపీతో తెరిచి చూస్తే, ఆవిడ ఎరుగని నంబరు ఒకటి ఆవిడ పేరు మీద కనిపించింది. నా ఫోన్‌లోంచి పోయిన కాగితంతో తీశారో, మరెక్కడో ఇచ్చిన జిరాక్సుతో తీశారో తేల్చలేను. నావల్ల కాదని చెప్పుకునే ధైర్యం మాత్రం నాకు లేదు. అది తన నంబరు కాదని ఆవిడ తరఫున ఫిర్యాదు నమోదు చేశాం.

ఆ తరవాత నేను ఆ పెద్దలందరి దగ్గరికీ వెళ్లి జరిగింది చెప్పాను. ఈసారి వాళ్లకు అర్థమయ్యేలా చెప్పి, వాళ్లనే నిర్ణయించుకోమన్నాను. ఆధార్ సంస్థ వెబ్‌సైట్లో వేలిముద్రలకు తాళం వేసుకోవచ్చు. వేస్తే వేలిముద్రతో ఎవరూ ఏ పనీ చేయలేరు, తామూ చేయలేరు. కావలసినప్పుడు తాత్కాలికంగా తీసుకోవాలి. బ్యాంకు పనులు కార్డుతో చేసుకునే బాబాయి వేయించుకున్నాడు. నెలనెలా రేషన్‌కు వేలు పెట్టాల్సిన పెద్దమ్మ వద్దంది. ఆవిడ మాటే చెల్లింది. దర్శనానికీ బ్యాంకుకీ కాకుండా, గుర్తింపు చూపిస్తే చాలనే చోట్లకు మొదటి ఎనిమిది అంకెలు కనిపించని ఆధార్ నకలు దింపి ఇచ్చాను. దాని మీద చివరి నాలుగు అంకెలే ఉంటాయి.

ఈ సంఘటన తరవాతే నేను గోప్యత గురించి చదవడం మొదలుపెట్టాను. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో, ఎనభై దాటిన వయసులో, ఆధార్ విషయమై సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. రాజ్యాంగం 21వ అధికరణం కాపాడే జీవించే హక్కులో అది భాగమన్నారు. నేను అప్పుడు పేపర్లో ఆ వార్త చూశాను. పెద్దవాళ్ల గొడవ, మనకెందుకని పేజీ తిప్పేశాను. ప్రాణంతో సమానంగా న్యాయస్థానం నిలబెట్టిన హక్కును నేను పట్టించుకోదగ్గది కాదనుకున్నాను. నాది నేను వదులుకుంటే అది నా ఇష్టం. పెద్దమ్మది, చెల్లెలిది, ఆ కూలీ తల్లిది వదులుకునే అధికారం నాకెవరిచ్చారు?

2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలు వెలువడ్డాయి. కంపెనీల మీద ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువు పెట్టారు. సమ్మతి అంటే ఏమిటో ఆ చట్టం చక్కగా చెప్పింది. అది స్వేచ్ఛగా ఇచ్చిందై ఉండాలి, ఏ పనికోసమో విడమరిచి చెప్పి తీసుకున్నదై ఉండాలి, మనిషి తెలిసి ఇచ్చిందై ఉండాలి, ఎప్పుడైనా వెనక్కి తీసుకునే వీలుండాలి. అడిగే నోటీసును రాజ్యాంగం గుర్తించిన 22 భాషల్లో దేనిలోనైనా చదువుకునే అవకాశం ఇవ్వాలి. అంటే తెలుగులోనూ అడగాలి. మా పెద్దమ్మ లాంటివాళ్లకు ఇది నిజమైన మేలు.

అదే చట్టంలో ఇంకో మాట ఉంది. ఒక వ్యక్తి సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారానికి ఈ చట్టం వర్తించదు. అలా ఉండటమే సబబు. ప్రతి ఇంటి ఆల్బమ్ మీదా, ప్రతి ఫోన్‌లోని నంబర్ల మీదా ప్రభుత్వం నిఘా పెట్టకూడదు. నాకు మాత్రం అందులో ఒక హెచ్చరిక కనిపించింది. చుట్టాల కాగితాలు దాచుకున్న నా వంటి మనిషి దగ్గరికి చట్టం రాదు. అక్కడ ఉండాల్సింది మనిషి మర్యాద, అంతే. అది నా దగ్గర లేకపోతే ఆ కాగితాలకు కాపలా ఎవరూ లేరు.

ఇప్పుడు నా పద్ధతులు మారాయి. ఎవరి పనైనా చేసిపెడితే, వాళ్ల ఎదుటే ఆ కాగితం ఫోటోను ఫోన్‌లోంచి చెరిపేస్తాను. వాట్సాప్‌లోంచీ గ్యాలరీలోంచీ చెత్తబుట్టలోంచీ కూడా తీసేసి చూపిస్తాను. ఒకరి నంబరు ఇంకొకరు అడిగితే ముందు ఆ మనిషికి ఫోన్ చేసి, ఇవ్వనా అని అడుగుతాను. కాంటాక్టులు అడిగే యాప్‌కు వద్దని చెప్తాను. వద్దంటే పనిచేయనంటే దాన్నే వద్దనుకుంటాను. ఖాతాలకు నా నంబరు ఇచ్చినవాళ్లందరివీ వాళ్ల సొంత నంబర్లకో, కన్నపిల్లల నంబర్లకో మార్పించాను. చుట్టాల్లో కొందరు నేను మునుపటిలా సాయం చేయడం లేదని నొచ్చుకున్నారు. సాయం మానలేదు. సాయం పేరుతో వాళ్ల మీద తీసుకున్న చనువు మానాను.

బడి మళ్లీ తెరిచాక తరగతిలో పిల్లలకు ఈ సంగతంతా చెప్పాను. గుమ్మం దగ్గర నిలబడి విన్న ఆ పిల్లవాడు ముందు వరసలోనే ఉన్నాడు. మాస్టారు తప్పు చేశారని వాడికి అప్పటికే తెలుసు. ఎలా చేశారో, ఎందుకు చేశారో కూడా తెలిస్తే వాడు ఆ తప్పు చేయడనే చెప్పాను.

ఇది చదువుతున్నవారిలో మీ ఇంటి ఫోన్ పనులు చేసిపెట్టే మనిషి మీరే అయితే, మీకు నా విన్నపం. మీ ఫోన్‌లో ఎవరెవరి ఆధార్‌లు, పాస్‌బుక్కులు, దస్తావేజులు ఉన్నాయో వెతకండి. పని అయిపోయినవి తీసేయండి. సెట్టింగుల్లోకి వెళ్లి ఏ యాప్‌కు కాంటాక్టులూ ఫోటోలూ ఇచ్చారో చూసి, అక్కర్లేనివాటికి ఆపేయండి. అప్పటికే మోసం జరిగి ఉంటే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. మీవాళ్లకు బెదిరింపులు వస్తే, తప్పు వాళ్లది కాదనీ, ఒక్క రూపాయీ కట్టవద్దనీ మీరే ముందుగా చెప్పండి. ఎవరి వివరమైనా మరొకరికి ఇచ్చేముందు ఆ మనిషిని ఒక్క మాట అడగండి.